పర్లాకిమిడి మాలియాలలో వానయు, పోడును, సంతయు

ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రులను, శబరులను ఒక్కచోటనే పేర్కొనుట చరిత్ర చదివినవారందఱు ఎఱిగినదే. ఆ శబరుల సంతతివారే నేటి సవరలని పలువురు పండితులు తలంచుచున్నారు. ఆ గ్రంథమున పక్కపక్కన కనిపించు ఈ రెండు జాతులు నేటికిని పక్కపక్కనే బ్రదుకుచున్న తావొకటి కలదు. అది ఒడిశా రాష్ట్రపు దక్షిణపు కొసనున్న పర్లాకిమిడి. పట్టణము మహేంద్రతనయ యొడ్డున పల్లమున నున్నది. దానికి ఉత్తరముగను, తూర్పుగను మహేంద్రగిరి వఱకు లేచిన కొండలే దొరతనపు కాగితములలో ‘మాలియాలు’ అని వ్రాయబడిన సవర సీమ. మహేంద్రగిరి శిఖరము సముద్రమట్టమునకు 1501 మీటర్ల యెత్తు. పల్లమున తెలుగువారు, ఒడియావారు, కొండపై సవరలు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రమేర్పడినపుడు పర్లాకిమిడి జమీ రెండుగా చీలినది. పట్టణమును, మాలియాలును ఒడిశాకు చేరినవి. పాతపట్టణము, టెక్కలి ప్రాంతములు మదరాసు రాష్ట్రమున మిగిలినవి. గీత పటముమీద పడినదే గాని, సవరలు గీత కిరువైపులను ఉండిరి, తెలుగువారును ఇరువైపులను ఉండిరి. కొండవాన మాత్రము ఎప్పటివలెనే రెండు రాష్ట్రముల పొలములకును దిగుచుండెను.

ఇట్టి సంచికలలో పర్లాకిమిడిని గూర్చి వ్రాయువారు గజపతుల విద్యాపోషణమును, గిడుగువారి భాషాసేవను, పట్టణమునందలి తెలుగు కుటుంబముల సాహిత్యాభిమానమును ప్రస్తావించుట వాడుక. అది తగినదే. కాని ఆ పట్టణమును పోషించిన చింతపండు, పసుపు, కందులు, కరక్కాయలు ఏ కొండనుండి దిగినవి, దించినవారెట్లు బ్రదికిరి అను విషయము మన వ్యాసములలో అరుదు. శీతోష్ణస్థితి మారుచున్నదనియు, కొండజనుల జీవనము చెడుచున్నదనియు నేడు ఎల్లరును చెప్పుచున్నారు. అది నిజమే. అయినను ఆ మాట అంతటితో విడిచినచో నేరమంతయు ఆకాశముపై మోపినట్లగును. వాన తప్పిన యేట నిలబడుటకు సవరలకు తమవైన సాధనములుండెడివి. అవి అప్పుచేతను, చట్టముచేతను, సంతచేతను నూఱేండ్లకు పైగా సడలుచు వచ్చినవి. వానలు గతి తప్పుట ఆ సడలిన యింటిపై వచ్చి పడినది. సడలించిన చేతులలో మనవియు కొన్ని కలవని ఒప్పుకొని ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

సవరల సేద్యము మూడు తీరులది. మొదటిది గెడ్డ వెంబడి కట్టిన మళ్ళు. కొండల నడుమ గెడ్డ దిగివచ్చు లోయలో, రాళ్ళను ఒకదానిపై నొకటి పేర్చి, సున్నము గాని అడుసు గాని లేకయే గోడ నిలిపి, దాని వెనుక మన్ను నింపి మడి చేయుదురు. అట్టి మళ్ళు మెట్లు మెట్లుగా లోయ అడుగునుండి పైవఱకు సాగును. కొన్నిచోట్ల మడికంటె గోడయే పెద్దది. పై మడిలోని నీరు క్రింది మడికి దిగునప్పుడు మన్ను కోసికొని పోకుండ రాతిమీదుగా జారునట్లు దారి తీయుదురు. 1955లో సవరల మతమును గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించిన వెరియర్ ఎల్విన్ దొర ఈ మళ్ళను చూచి మిక్కిలి అచ్చెరువందెను. ఇంజనీర్లు లేరు, మట్టపుబద్దలు లేవు. తాత కట్టిన గోడను మనుమడు ఏటేట సరిచేయును. జారిన రాయిని ఆ యేడే యెత్తి పెట్టనిచో మఱుసటి వానకు గోడ, గోడతో మడి, మడితో క్రింది మళ్ళు పోవును. కనుక ఈ మళ్ళకు నీరెంత ముఖ్యమో, వేసవిలో ఇంట నుండి రాయి మోయుటకు తీరికగల మనుష్యులును అంత ముఖ్యము. ఈ సంగతి మనకు ముందు పనికివచ్చును.

రెండవది పోడు. దీనిని గూర్చి పల్లపువారికి గల అభిప్రాయము చిన్నది: అడవిని తగులబెట్టుట. నిజమునకు పోడు ఒక లెక్క. చలికాలపు చివర వాలునందలి తుప్పను నఱికి, ఎండనిచ్చి, వేసవిలో కాల్చి, తొలివానకు ఆ బూడిదలో విత్తుదురు. చింత, మామిడి, ఇప్ప, జీలుగు చెట్లను నఱకరు. విత్తునది ఒక్క గింజ కాదు. చోళ్ళు, సామలు, కొఱ్ఱలు, గంటెలు, జొన్నలు, కందులు, బొబ్బర్లు, వీనితో గుమ్మడి, ఆనప, ఆముదము కలిపియు, పక్కపక్కను చల్లి గుద్దళ్ళతో మన్ను కదిలింతురు. సామలు ముందు చేతికి వచ్చును, కొఱ్ఱలు, చోళ్ళు వాని వెనుక, కందులు చలికాలమున. తొలివాన వచ్చి నెల యెండిపోయినచో సామలు పోవును, చోళ్ళు మిగులును. కోతవేళ ముసురు పట్టినచో చోళ్ళు మొలకెత్తి పోవును, కందులు మిగులును. అన్నియు పండిన యేడు అరుదు, అన్నియు పోయిన యేడును అరుదు. రెండు మూడేండ్లు పండించి ఆ వాలును విడిచి మఱియొక వాలునకు పోవుదురు. విడిచినచోట అడవి మఱల లేచుటకు పది యేండ్లు, అంతకు పైగాను గడువుండెడిది. ఆ గడువే పోడునకు ఎరువు.

మూడవది అడవి. వరి గాదెలోనిది ఖర్చయి, పోడు గింజ చేతికి రాని వానకాలపు తొలి నెలలలో కడుపు నింపునది అడవియే: దుంపలు, ఆకుకూరలు, పుట్టగొడుగులు, ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వు, మామిడి టెంకలోని పప్పు. టెంకను పగులగొట్టి, పప్పును నీట నానబెట్టి వగరు తీసి, పిండిచేసి అంబలి కాచుకొందురు. జీలుగుచెట్టు కల్లు వేసవిలో పానీయమును, ఒక విధముగ ఆహారమును గూడ. గోదావరి మన్యమున 1879లో పుట్టిన రంప పితూరికి జీలుగుకల్లుపై వేసిన పన్ను ఒక ముఖ్యకారణమని చదువునప్పుడు పట్టణవాసికి నవ్వు రావచ్చును. కొండవానికది గాదెపై వేసిన పన్ను.

శ్రీకాకుళము, పార్వతీపురము ప్రాంతముల సవరలును, జాతాపులును జరుపుకొను పండుగల పేళ్ళను చూడుడు: కొఱ్ఱకొత్త, కందికొత్త, టెంకపండుగ. ఆ పంటను దేవతకును, పితరులకును పెట్టక ముందు ఎవ్వరును నోట వేయరాదు. మన పంచాంగము గ్రహములను లెక్కించును. వారి పంచాంగము పంటలను లెక్కించినది. ఒక పంట పేర ఒక పండుగ చొప్పున ఏడాది పొడుగునను విడివిడిగా వచ్చినవనగా, ఒక్క కోతపై బ్రదుకు నిలుపుకొనలేదనుటకు వేఱు సాక్ష్యము కావలయునా? నేడు టెంకపండుగ పేరు మిగిలిన యూళ్ళలోను టెంక తినువారు తగ్గిరి. తగ్గుట మంచిదే. పాడైన టెంకపిండి తిని 2001లో రాయగడ జిల్లా కాశీపురము ప్రాంతమున కొండజనులు మరణించిరి. ఆకలికి ఆఖరి అండగా నుండినది చేరువ దుకాణములో బియ్యము లేనివేళ విషమైనది.

ఈ సంగతులు మనకు తెలియుటకు ఆధారములను గూర్చి ఒక మాట. ఫాసెట్ దొర 1888లో సవరలను గూర్చి వ్రాసిన వ్యాసము, థర్‌స్టన్ 1909లో ప్రకటించిన కులముల గ్రంథము, ఎల్విన్ రచన ముఖ్యమైనవి. వీరితో పాటు పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను పట్టుదలతో నేర్చి, సవరపిల్లలకు బడులు పెట్టించి, 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. కొండభాషలో వాన యొక్క, గింజ యొక్క, నేల యొక్క పేళ్ళను శ్రద్ధతో ఏర్చి పెట్టిన తెలుగువాడు ఆయన. గ్రాంథికమున వ్రాయుచు ఆయనను స్తుతించుట ఆయనకు రుచించి యుండదని ఎఱుగుదును. విడ్డూరమేమనగా, ఆయన నిఘంటువును మనము భాషాశాస్త్రమునకే చదివితిమి, సేద్యచరిత్రకు చదువలేదు.

ఇక సంత. వారమున కొకనాడు కొండ దిగువ జరుగు సంతకు సవర ఆడువారు, మగవారు కావళ్ళతో, బుట్టలతో దిగుదురు. దించునవి చింతపండు, పసుపు, అల్లము, కందులు, కరక్కాయలు, తేనె, కొండచీపుళ్ళు, అడ్డాకులు. ఎక్కించునవి ఉప్పు, ఎండుచేపలు, బట్ట, కుండ, ఇనుము, పొగాకు, వెనుకటి రోజులలో కిరసనాయిలు. ఉప్పు కొండపై పుట్టదు గనుక సంత తప్పదు. 1900లో నౌపడానుండి పర్లాకిమిడికి చిన్నరైలు నడిచెను; 1931 నాటికి అది గుణుపురము చేరెను. పట్టణమునకది గొప్ప కాన్క. చింతపండు దూరపు అంగళ్ళకు పోయెను, మన వర్తకులు పెరిగిరి, మేడలు లేచెను, పిల్లలు కళాశాలకు పోయిరి. కొండకు మాత్రము ధర నిర్ణయించువాడు దూరమయ్యెను. అంతకు ముందు కుంచము ఉప్పునకు ఎన్ని కుంచముల కందులో ఉభయులును ఎఱుగుదురు. తరువాత ఎక్కడి ధరయో వర్తకునికే తెలియును, సవరకు తెలియదు.

ధరకంటె హాని చేసినది అప్పు. గింజ లేని ఆషాఢ శ్రావణములలో విత్తునకును, తిండికిని, చావునకును పెండ్లికిని సవర అప్పు చేయును. తీర్చునది కోతవేళ, ధర మిక్కిలి పడిపోయినపుడు. ఇచ్చినది చోళ్ళు, రాబట్టునది కందులు. చింతకాయ చెట్టున నుండగనే చెట్టు తాకట్టు. తీఱని అప్పు మడిమీదికి వచ్చును; మడి పోయినవాడు అదే మడిలో కూలి. జయపురము వైపున దీనికి ‘గొత్తి’ అని పేరే కలదు: వడ్డీ క్రింద మనిషి సేవ. ఈ వ్యాపారమున తెలుగువారు మాత్రమే యుండిరనుట అన్యాయము. సారా అమ్మువారు, ముఠాలపై పెత్తనము చేసిన బిస్సోయిలు, వారి బంటులు, కొండలోనే తిరుగు మధ్యవర్తులు అందఱును ఉండిరి. తెలుగువారు లేరనుట మాత్రము అబద్ధము.

దొరతనము దీనిని చూడకపోలేదు. 1830 ప్రాంతపు పితూరీల తరువాత 1839 నాటి చట్టముతో గంజాము, విశాఖపట్టణముల కొండలను సాధారణ న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి కలెక్టరు చేతికి ఏజెంటు హోదాలో నిచ్చిరి. ‘ఏజెన్సీ’ అను మాట అటనుండియే వచ్చినది. 1917 నాటి చట్టము కొండవారి అప్పుపై వడ్డీని నూటికి ఏటికి 24కు మించరాదనియు, కొండవాని భూమి ఏజెంటు అనుమతి లేక ఇతరులకు చేరరాదనియు శాసించినది. ఒడిశాలో 1948లో గొత్తిని రద్దుచేసిరి, 1956లో భూబదిలీని నిషేధించిరి. ఆంధ్రప్రదేశమున 1959 నాటి నిబంధనము, దానికి 1970లో చేసిన సవరణ ఆ పనినే చేసినవి. ఒక్క విషయముపై నూటముప్పది యేండ్లలో ఇన్ని శాసనములు చేయవలసి వచ్చుటయే అవి ఎంతవఱకు నడిచినవో చెప్పుచున్నది.

పోడునకు మఱియొక వైపునుండి ఇఱుకు వచ్చినది. 1882 నాటి మదరాసు అటవీచట్టముతో ప్రభుత్వపుటడవులును, దానిని చూచి జమీందారులు చేసిన నిబంధనలతో జమీ అడవులును కంచెలోనికి పోయెను. మిగిలిన వాలులందే పోడు తిరుగవలసి వచ్చెను. జనము పెరిగెను, తిరుగు చోటు తగ్గెను. పది యేండ్ల గడువు మూడు నాలుగేండ్లకు దిగెను. గడువు తగ్గిన వాలున అడవి లేవదు, తుప్పయే లేచును. బూడిద చాలదు, గింజ తగ్గును, వాన మన్నును కోసికొని గెడ్డలోనికి త్రోయును. అపుడు పోడు అడవిని చంపుచున్నదను నింద నిజమయ్యెను. నింద ముందు వచ్చి, నిజము తరువాత వచ్చుట చరిత్రలో ఇదొక్కటే కాదు.

పోడు మాన్పించుటకు ప్రభుత్వములు చెట్లనిచ్చెను. గజపతి జిల్లాలోను, గీత కీవలి సీతంపేట ఏజెన్సీలోను జీడిమామిడి వ్యాపించినది. సీతంపేట అనాస పేరు పొందినది. రాయగడ జిల్లాలో గుణుపురము, బిస్సంకటక్ ప్రాంతములందు కలగలుపు చేలు పోయి ప్రత్తి వచ్చినది. ప్రత్తితో పాటు గీత యివతలి నుండి కౌలుదారులును, విత్తన వర్తకులును, పురుగుమందును కొండ యెక్కెను. మెట్టలలో జామాయిలు చెట్లును వెలసినవి. వీనివలన చేతిలో రూకలాడుట నిజము. పిల్లవాని చదువునకు, వైద్యమునకు ఆ రూకలే పనికి వచ్చినవి. నేను జీడిని నిందించువాడను కాను. కాని ఒక వాలున ఎనిమిది గింజలుండుటకును ఒక్క చెట్టుండుటకును గల భేదము మంచి యేటిలో తెలియదు.

మంచి యేండ్లెట్లున్నవో చూతము. 2020లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ పక్షమున పూనా ఉష్ణమండల వాతావరణ సంస్థవారు భారతదేశ శీతోష్ణస్థితిపై ఒక సమగ్ర నివేదికను ప్రకటించిరి. 1901నుండి 2018 వఱకు దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. 1951నుండి 2015 వఱకు నైఋతి ఋతుపవనపు వాన సుమారు నూటికి 6 వంతులు తగ్గినది. 1951–1980తో పోల్చినచో 1981–2011 నడుమ వానకాలములోనే వాన లేని విడుపులు నూటికి 27 వంతులు హెచ్చినవి. కురిసినపుడు మాత్రము కుండపోత. మధ్యభారతమున ఒక్క దినమున 150 మిల్లీమీటర్లకు మించిన వానలు 1950నుండి 2015 లోపల నూటికి 75 వంతులు అధికమైనవి. ఇవి దేశమునకో, పెద్ద ప్రాంతమునకో సంబంధించిన సగటులు. మాలియాలకు యథాతథముగా అతుకరాదు. వాన తగ్గుట గంగామైదానమునను, పడమటి కనుమలయందును ప్రస్ఫుటమని ఆ నివేదికయే చెప్పుచున్నది.

అయినను విడుపు హెచ్చుట, కురిసినపుడు కుండపోతగా కురియుట అనునవి కొండ సేద్యమును ఎచ్చట పట్టుకొనునో గ్రహించుట కష్టము కాదు. తొలివానను నమ్మి బూడిదలో చల్లిన గింజ మొలచి, ఆ పిదప మూడు వారములు ఎండినచో మఱల చల్లుటకు విత్తనము కావలయును. ఇంటి విత్తనము ఒక్క చల్లుటకే యుండును. రెండవ చల్లునకు అప్పు. అనగా క్రొత్త వాన పాత షావుకారు గుమ్మమునకే త్రోవ చూపుచున్నది. ఇక కుండపోత వచ్చినచో గెడ్డమళ్ళ గోడలు దెబ్బతినును. పూర్వము ఆ రాయిని వేసవిలో ఎత్తి పెట్టెడివారు. నేడు కొండ పడుచువారు వేసవిలో వలసకూలికి దూరదేశములు పోవుచున్నారు. ముసలివారు చిన్న రాళ్ళెత్తగలరు గాని పునాదిరాయి నెత్తలేరు. మడి పోవుటకు ఒక కారణము ఆకాశమున, మఱియొకటి రైలుస్టేషనున నున్నవి.

తుపానుల సంగతి. వరదలు, గాలివానలు ఈ సీమకు క్రొత్త కావు. 1980 సెప్టెంబరున వంశధార ఉప్పొంగి గుణుపురము ప్రాంతమును ముంచిన విధమును పెద్దలు నేటికిని చెప్పుకొందురు. పై నివేదిక ప్రకారము ఉత్తర హిందూసముద్రమున తుపానుల సంఖ్య 1951నుండి తగ్గినది. కాని 2000 తరువాత, వానకాలము ముగిసిన నెలలలో, అతితీవ్రమైనవి హెచ్చినవి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురమువద్ద, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖవద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాసవద్ద తీరమును దాటెను. ఆఱేండ్లలో మూడు, అన్నియు ఒక్క వారపు తేదీలలోనే. ఆ వారమున చోళ్ళు కోతకు వచ్చియుండును, వరి పాలుపోసికొనుచుండును. తిత్లీనాడు గజపతి జిల్లాలో రాయగడ సమితికి చెందిన బరఘర గ్రామమున, గాలివానకు జడిసి గుహవంటి రాతిచాటున చేరిన కొండజనులపై కొండచఱియ విఱిగిపడి పండ్రెండుగురికి పైగా మరణించిరి. (ఈ రాయగడ వేఱు, రాయగడ జిల్లా వేఱు.) దిగువన ఉద్దానమున కొబ్బరియు, జీడియు కూకటివేళ్ళతో కూలెను. హుద్‌హుద్ అరకు ప్రాంతమున కాఫీకి నీడనిచ్చు చెట్లను పడగొట్టెను. చేను పోయినవాడు ఒక యేడు కోల్పోవును. జీడితోట పోయినవాడు మఱల నాటి కాయ చూచుటకు ఎన్ని యేండ్లు ఓర్వవలయునో ఉద్దానపువారి నడిగిన తెలియును. ఎనిమిది గింజల భేదము తెలియునది ఇట్టి యేటిలోనే.

పల్లపువారికి ఇది పొరుగింటి కష్టము మాత్రమే కాదు. వంశధారయు, నాగావళియు ఒడిశా కొండలలోనే పుట్టి, ఒకటి కళింగపట్టణమువద్దను, రెండవది శ్రీకాకుళము దిగువనను కడలి చేరుచున్నవి. వంశధార నీటి పంపకమునకై రెండు రాష్ట్రములును వాదులాడగా 2010లో న్యాయమండలి యేర్పడి, 2017లో తీర్పు చెప్పి, 2021లో తుది వివరణ నిచ్చెను. నేరడి ఆనకట్టను గూర్చియు, శతకోటి ఘనపుటడుగులను గూర్చియు పుటలు నిండినవి. ఆ నీటిని కొండవాలు ఎంతకాలము పట్టి యుంచి ఎంత మెల్లగా విడుచునో, ఆ వాలుపై నున్నవాని కేమి దక్కునో వాదమున ముఖ్యాంశము కాలేదు. గొట్టా దిగువ రైతునకు వానకాలమున వరదయు, వేసవిలో ఎండిన ఇసుకయు తప్పవలెనన్న, గుమ్మా సమితిలోని రాతిగోడకును ఆతనికిని సంబంధము కలదు.

చేయుచున్న పనులు లేకపోలేదు. కోరాపుటు సాంప్రదాయిక సేద్యమును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వముగ గుర్తించినది. అచ్చటి గిరిజన స్త్రీ కమలా పూజారిగారు నాటువరి విత్తనములను కాపాడినందులకు 2019లో పద్మశ్రీ పొందిరి. 2024లో ఆమె దివంగతురాలయ్యెను. రాయగడ జిల్లాలో దేబల్ దేబ్ అను శాస్త్రజ్ఞుడు వేయికి పైగా నాటువరులను ఏటేట విత్తి నిలుపుచున్నాడు. ఒడిశా ప్రభుత్వము 2017లో చిఱుధాన్యముల ఉద్యమమును ఆరంభించి చోళ్ళను మద్దతుధరకు కొనుచున్నది. వీనిలో నా దృష్టికి మిక్కిలి విలువైనది ఈ కొనుగోలే. పురస్కారము విత్తనమును పొగడును. కొనుగోలు ఆ విత్తనమును చల్లినవానిని అప్పునుండి తప్పించును. గెడ్డమళ్ళ గోడలు నిలుపుటకు ఉపాధిహామీ కూలి చెల్లించినచో వేసవి వలస కొంత తగ్గును. క్రొత్త ఆనకట్టకు పట్టు ధనములో నలుసంతయైనను దానికి చాలును.

కడపట మన సంఘములు మాత్రమే చేయదగిన పని యొకటి కలదు. మాలియాలలో వానను కొలిచిన లెక్కలు తక్కువ. కొలిచినది పల్లమున, తాలూకా కచ్చేరీలలో. కాని చిట్టా, ఆవర్జా వ్రాయుట మన వర్తకులకు తరతరముల వాడుక. ఏ తేదీన ఏ యూరి సవర ఎన్ని మణుగుల పసుపు దించెను, కందులు ఏ వారమున తొలిసారి సంతకు వచ్చెను, ధర యెంత, బాకీ యెంత అను సంగతులు అట్టి పుస్తకములకు ఎక్కవలసినవే. కందులు రెండు వారములు ఆలస్యముగ వచ్చిన యేడు వాన యెట్లుండెనో ఊహింపవచ్చును. దేశమంతటను వానలు తప్పిన 1918, 1965, 1987, 2002 సంవత్సరములలో కొండనుండి ఏవి దిగెను, ఏవి దిగలేదు, ఎవరి పేర ఎంత అప్పు పెరిగెను అను విషయము ఆ పుటలలోనే దొరకవలెను. వాన చరిత్రయు, అప్పు చరిత్రయు ఒక్క పుస్తకముననే యుండుట కొందఱికి ఇబ్బంది కలిగింపవచ్చును; బాకీదారుల పేళ్ళను విడిచి ఊరి పేరు, తేదీ, సరకు, ధర ఎత్తి వ్రాసినను చాలును. పర్లాకిమిడి, కాశీనగరము, గుణుపురము, పాతపట్టణములలో పాతయిండ్లను విప్పి క్రొత్తవి కట్టుచున్నారు. అటుకపై నుండి దింపిన కట్టలను చిత్తుకాగితముల వానికి తూచి యిచ్చుటకు ముందు, అందలి తేదీలను ఒక్కసారి చదివించి ప్రతి తీయించి సంఘమునకు పంపగలరని మనవి. 1900కు ముందరివి, అనగా రైలు రాకమునుపటివి, దొరకినచో మఱింత మేలు.